గూట్లో గ్లాసు

నేను బోధన్‌లో పంతులుగా చేసిన రోజుల్లో మా బడి ఆయమ్మ ఏది నోట పెట్టబోయినా ముందు కళ్లు మూసుకుని యేసయ్యకు స్తోత్రం చెప్పేది. చెరుకు బండ్లు ఆగే హోటల్లో ఆమె కులానికి గ్లాసులు వేరు. బయటి గోడ గూట్లోంచి తీసుకోవాలి, తాగాక తామే కడిగి పెట్టాలి. ఆ గ్లాసు పట్టుకుని కూడా ఆమె కళ్లు మూసుకునేది. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు అడిగేశాను. "ఈ అవమానానికి కూడా స్తోత్రమేనా అవ్వా?"

ఆమె గ్లాసు కడుగుతూ నిదానంగా అంది. "చాయ దేవుడిచ్చిండు సారూ, దేవునికి చెప్పిన. గ్లాసు ఏరు పెట్టింది గా సేటు. రోజూ గాయినతోని కూసునేది మీరే గద. గాయినకు మీరు చెప్పుండ్రి."

లోపల సేటు నాకోసం కుర్చీ తుడుస్తున్నాడు. నేను వెళ్లి కూర్చున్నాను.

ఆ కూర్చున్నవాణ్ణి తలుచుకుంటే ఈనాటికీ ఒళ్లు మండుతుంది.