కోత పండుగ వేలంలో తేలిన నా కోర్సు ధర

నేను ఉద్యోగం పోగొట్టుకున్న కథ చెబుతాను. ఎవరో తీసేశారనుకునేరు, అంత గౌరవం కూడా దక్కలేదు నాకు. ఎవరూ తొయ్యకుండానే, అందరికీ పూతరేకులు పంచి మరీ గోతిలోకి దూకాను. చదువుతూ మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. ఎంత తిట్టినా మా అమ్మ తిట్టినంత బాగా తిట్టలేరు.

అప్పట్లో నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కోచింగ్ సెంటరు ఫ్రంట్ ఆఫీసులో పనిచేసేదాన్ని. భవానీపురంలో సిటీ బస్సెక్కి కిటికీ పక్కన సీటు దొరికిందంటే ఇక నేను ఈ లోకంలో ఉండేదాన్ని కాదు. కృష్ణ ఒడ్డున ఒక మేడ కనిపించేది. ఆ మేడ మీద గాజు కిటికీల గది, అందులో తెల్లటి పెద్ద కీబోర్డు, దాని ముందు నేను. నేను ఒక మెట్టు నొక్కగానే కువైట్‌లో ఒకావిడ, ఒంగోలులో ఒకబ్బాయి కూడా తమ తమ ఇళ్ళలో అదే మెట్టు నొక్కేవారు. కిటికీలోంచి చూస్తే నది మీద సాయంత్రపు ఎండ నెమ్మదిగా పడవల వెంట వెళ్ళిపోతూ ఉండేది. ఈలోగా నా స్టాపు దాటిపోయేది. వెనక్కి నడుచుకుంటూ వచ్చేటప్పుడు కూడా నేను మేడ దిగేదాన్ని కాదు.

కలకి ఆధారం లేకపోలేదు. చిన్నప్పటి నుంచి మా చర్చిలో ఆదివారం ఆరాధనకి కీబోర్డు వాయించేది నేనే. దానితోనే ఒక ఆన్‌లైన్ కోర్సు తయారుచేశాను. పడకగదిలో గోడకి అమ్మ కొత్త దుప్పటి కట్టి, చప్పుడు రాకుండా ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ పాఠాలన్నీ వీడియో తీశాను. అమ్మ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి పడుకునే మంచం మీదే నా స్టూడియో ఉండటం వల్ల కొన్ని పాఠాల్లో ఆవిడ గురక కూడా లయ తప్పకుండా వినిపిస్తుంది.

పాఠాలైతే అయ్యాయిగానీ ధర ఎంత పెట్టాలో తెలిస్తేగా. ఇంటర్నెట్‌లో ఎవరిని చూసినా నీ విలువ నువ్వు తెలుసుకో అంటారే తప్ప, అది ఎన్ని రూపాయలో చెప్పరు. అమ్మనడిగితే ఆలోచించకుండా చెప్పేసింది.

"ఐదొందలు పెట్టవే. ఐదొందలైతే ఎవళ్ళైనా ఇంట్లో అడక్కుండా కట్టేస్తారు."

ఇప్పుడు తలుచుకుంటే, ధరల గురించి ఇంతకన్నా గొప్ప మాట నేను ఎక్కడా వినలేదు. అప్పుడు మాత్రం నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఐదొందల చొప్పున పోగేస్తే గాజు కిటికీల గదికి ఒక అద్దం ముక్కయినా వస్తుందా?

సరిగ్గా అప్పుడే మా చర్చిలో కోత పండుగ వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆ రోజు ఎవరింట్లో పండింది వాళ్ళు దేవుడికి తెస్తారు. పొలాలున్నవాళ్ళు ధాన్యం, అరటి గెలలు తెస్తే, పట్నంలో కుండీలు మాత్రమే ఉన్నవాళ్ళు నాలుగు పచ్చిమిరపకాయలు తెస్తారు. ఆరాధన కాగానే అన్నీ వేలం వేస్తారు. వచ్చిన డబ్బు చర్చికి వెళ్తుంది కాబట్టి అక్కడ ఎవరూ వస్తువుని చూసి పాడరు. నిమ్మకాయ వందలు పలుకుతుంది, సొరకాయ వేలు పలుకుతుంది. అంతకు ముందు ఏడాది మా అమ్మ తనిచ్చిన జామకాయనే తను నాలుగొందలకి పాడి ఇంటికి తెచ్చింది. ఆ జామకాయ తిన్నది నేనే. పులుపు కూడా గుర్తుంది. ఇదంతా తెలిసి కూడా నేను ఏం చేశానో చూడండి.

నాకు పండినది కోర్సే కదా అని, ఒక అట్ట మీద అందంగా 'కీబోర్డు కోర్సులో ఒక సీటు' అని రాసి గుమ్మడికాయకీ కోడిపెట్టకీ మధ్య పెట్టాను. దేవుడికి కానుకా అవుతుంది, పదిమందికీ తెలిసి ప్రచారమూ అవుతుంది అనుకున్నాను. పాస్టరు గారు ఆ అట్ట ఎత్తి చూపించగానే ఎలక్ట్రికల్ షాపు ప్రకాశం అంకుల్ వెయ్యి అన్నారు. వెనక వరసలోంచి టైర్ల షాపు సాల్మన్‌రాజు అంకుల్ రెండు వేలు అన్నారు. ప్రకాశం అంకుల్ వెనక్కి తిరిగి చూసి మూడు అన్నారు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కిటికీల్లోంచి ఎండ పడుతోంది, నా పాఠం మెట్టు మెట్టుగా ఆకాశానికి ఎక్కిపోతోంది. తొమ్మిది వేల దగ్గర సాల్మన్‌రాజు అంకుల్ గెలిచారు. నా కళ్ళు నిండిపోయాయి. నా విలువ నాకు తెలిసిపోయింది, అదీ దేవుడి సన్నిధిలో.

ఆ సాయంత్రం భవానీపురం ఘాట్ దగ్గర మెట్ల మీద కూర్చుంటే నీళ్ళలో అవతలి ఒడ్డు దీపాలు వణుకుతున్నాయి. నా మేడ కిటికీలకి కర్టెన్లు కూడా వచ్చేశాయి. సోమవారం వెళ్ళి మా మేనేజరు రహీం గారికి రాజీనామా ఇచ్చాను. ఆయన చాలా మర్యాదస్తుడు. ఇంట్లో ఒక మాట అడిగారా మేడం అని మాత్రం అన్నారు. నేను నవ్వి పూతరేకుల డబ్బా ఆయన ముందుకు జరిపాను. మా ఇంటి అద్దె నా జీతంలోంచే వెళ్తుందన్న సంగతి ఆ నవ్వుకి గుర్తు లేదు.

ఇంటర్నెట్‌లో కోర్సుకి ఒక పేజీ తెరిచి, ధర తొమ్మిది వేలు పెట్టాను. దాని పైన పద్ధెనిమిది వేలు అని రాసి ఎర్రగీత కొట్టాను, బట్టల షాపుల్లో చూసిన తెలివి. పోస్టరు చర్చి గ్రూపుల్లో పెట్టాను, చుట్టాల గ్రూపుల్లో పెట్టాను. 'రేపటితో ఆఖరు' అని రోజూ స్టేటస్ పెట్టాను. స్పందన బాగానే వచ్చింది. చాలామంది నా కోసం ప్రార్థన చేస్తామన్నారు. గుడివాడ నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఆ డబ్బుకి కీబోర్డు ఇంటికి పంపిస్తారా, మేమే వచ్చి తీసుకెళ్ళాలా అని అడిగారు. కీబోర్డు రాదండీ, పాఠాలే అన్నాను. ఆయన వందనాలు చెప్పి పెట్టేశారు.

అద్దె కట్టే రోజు దగ్గరపడింది. అమ్మ కంచం ముందు కూర్చుని అడిగింది.

"ఎవళ్ళైనా చేరారటే?"

"చాలామంది చూస్తున్నారమ్మా."

"తాజ్‌మహల్నీ చూస్తారు. ఎవడూ కొనడు."

సాల్మన్‌రాజు అంకుల్ నోటితో నా కోర్సు గురించి నాలుగు మంచి మాటలు చెప్పించి వీడియో పెడితే జనం నమ్ముతారనిపించింది. ఆటో నగర్‌లో ఆయన షాపుకి వెళ్ళాను. టైర్ల మధ్య కుర్చీ వేయించి, కూల్‌డ్రింక్ తెప్పించారు. నేను ఫోను పట్టుకుని, కోర్సులో మీకు బాగా నచ్చింది ఏంటో చెప్పండంకుల్ అన్నాను.

"ఏ కోర్సమ్మా?"

"మీరు తొమ్మిది వేలకి పాడారు కదంకుల్."

"అదా. అదేంటో నేను చూడలేదమ్మా. ఎదురు పాడింది మా తోడల్లుడు. ఆడి ముందు తగ్గితే మా ఆవిడ ఇంట్లోకి రానిస్తుందా?"

అక్కచెల్లెళ్ళని చేసుకున్న ఇద్దరు మగవాళ్ళ పంతాన్ని నేను సంగీత ప్రపంచం నాకిచ్చిన విలువ అనుకున్నానన్నమాట. అదే రోజు కోడిపెట్టని కూడా వాళ్ళిద్దరే పాడారట. అది పదకొండు వేలకి పోయిందని అంకుల్ కాస్త గర్వంగా చెప్పారు. ఆ రోజు నా అట్ట అమ్ముడుపోయాక ఆనందంలో ఇంకే వేలమూ నా చెవికెక్కలేదు కాబట్టి, నాకన్నా కోడికే ఎక్కువ వచ్చిందన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు బస్సులో కిటికీ పక్కన సీటు ఉన్నా నిలబడే వెళ్ళాను. రహీం గారి ముందు నిలబడి, తప్పయిపోయిందండీ, నా ఉద్యోగం నాకిచ్చేయండి అన్నాను. ఆయన గబగబా లేచి నాకు కుర్చీ చూపించారు.

"అదేం మాటండీ. మీ పేజీ మా పెద్ద సారుకి కూడా చూపించాను. మనిషికి తొమ్మిది వేలు తీసుకునేవాళ్ళని మన జీతానికి రమ్మంటే బాగుండదు అన్నారండి. ఆ సీట్లో వేరే అమ్మాయిని తీసేసుకున్నాం."

ఊరు మొత్తంలో నా ధరని మనస్ఫూర్తిగా నమ్మినవాళ్ళు ఆ ఇద్దరే. రహీం గారు గొంతు తగ్గించి, మా అమ్మాయికి కీబోర్డంటే ప్రాణమండీ, మీ పేజీ చూసి చేరతానని ఒకటే గొడవ, ధర చూసి నేనే ఫోను దాచేశాను అన్నారు. పాపని చేర్చేయండి రహీం గారూ, ఐదొందలు చాలు అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించేశారు.

"వద్దండీ. మా కోసం మీరు ఎనిమిది వేల ఐదొందలు నష్టపోతే ఆ పాపం మాకొద్దు."

ఎంత బతిమాలినా వినలేదు. కాబట్టి పాఠకుల సాక్షిగా కుడిచెయ్యి చాపి ప్రమాణం చేస్తున్నాను. తోడల్లుళ్ళు కూర్చున్న సభలో ఇక నేను ఏ వస్తువుకీ ధర కట్టను. ఒకవేళ కట్టినా, మర్యాదస్తుల కంటపడనివ్వను.