ముక్కు దించిన కారు

ఇదొక మహాకావ్యం. ఇందులో రణరంగం ఉంది, రథం ఉంది, రథాన్ని అడ్డుకున్న జనసముద్రం ఉంది, చివర్లో వీరుడి పతనం కూడా ఉంది. ఇంత చెప్పాక నిజం ఒప్పుకోవడం మర్యాద. రణరంగం ఎల్బీనగర్ చౌరస్తా. రథం తుక్కులోంచి లేపిన పాత కారు. వీరుడు సొట్టలు తీసే డెంటింగ్ మేస్త్రి. పతనానికి కారణం నా నోరు. కావ్యానికి ఈ సరుకు చాలదు కాబట్టి మామూలుగానే చెబుతాను.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. వారమంతా బంద్ లేకుండా గడిస్తే, ఏమైందో కనుక్కుందామని బయటికొచ్చేవాళ్లం. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చేరిన కోచింగ్ సెంటర్ మొదట షట్టర్ సగం దించి పాఠాలు చెప్పింది, తర్వాత పూర్తిగా దించేసింది. పరీక్ష ఎప్పుడో తెలియదు. ఉద్యోగం ఇవ్వాల్సిన రాష్ట్రం ఏదో కూడా తెలియదు. చేయడానికి ఏమీ లేక నేనూ, వనస్థలిపురంలో ఉండే నా మిత్రుడూ కార్ల పండితులమయ్యాం. వాడి వాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చారు, మావాళ్లు నల్లగొండ వైపు నుంచి. రెండిళ్లకూ కలిపి ఒక స్కూటరు ఉండేది.

ఆ ఏడాది అమెరికాలో ఒక కంపెనీ తన మజిల్ కారు రూపం మార్చింది. మజిల్ కారంటే పొడుగాటి ముక్కు, పొట్టి తోక, అవసరానికి మించిన ఇంజిను. పాత మోడల్‌కి బానెట్ మీద బుడిపె ఉండేది. కొత్తదానికి అది తీసేసి ముక్కు కిందికి దించారు. దీని మీద ఇంటర్నెట్‌లో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. కొత్త ముఖం చేపలా ఉందని ఒకడు, అందం సరే బ్రేకు కొడితే ఎక్కడ ఆగుతుందో ముందు చెప్పమని ఇంకొకడు. నెట్ సెంటర్లో కూర్చుని మేమూ అందులో దిగాం. అప్పటికి మా ఇద్దరిలో ఎవరూ ఏ కారుకీ బ్రేకు నొక్కి ఎరగరు.

ఈ పాండిత్యం మమ్మల్ని సరూర్‌నగర్ చెరువు వెనక సందులో ఉన్న ఒక రేకుల షెడ్డుకి చేర్చింది. అక్కడి మేస్త్రి మా నల్లగొండ వైపు మనిషే. అన్నా అనేవాళ్లం. ఆయన మన దేశంలో ఎప్పుడో తయారీ ఆగిపోయిన ఒక పొడుగాటి కారును, ఇదే అమెరికా కారులా మలుస్తున్నాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి స్టూడియోలో ఒక సినిమాకి అలాంటి బండి కావాలన్నారట. ఇది నచ్చితే ఇక వాళ్ల బండ్ల పనంతా ఈయనకే.

"నచ్చకపోతే?" అని మావాడు అడిగాడు.

"నచ్చకపోతే ఏముంది బాబు, షెడ్డుకు తాళమేసి ఊరికి పోవుడే. బంద్‌లల్ల పనెక్కడున్నది? నెలాయె, ఒక్క డోరు సొట్ట గూడ రాలే."

రోడ్డు మీద బండ్లు తిరగకపోతే గుద్దుకోవు. గుద్దుకోకపోతే డెంటింగ్ మేస్త్రికి అన్నం లేదు. ఉద్యమాన్ని ఈ కోణంలోంచి చూసినవాళ్లలో నాకు తెలిసింది ఆయన ఒక్కడే. అలాగని ఆయన ఉద్యమానికి వ్యతిరేకి కాదు. షెడ్డు తలుపు మీద జెండా ఆయనే స్వయంగా స్ప్రే కొట్టాడు.

మేం రోజూ వెళ్లి అభిప్రాయాలు చెప్పేవాళ్లం. ఆయన సుత్తి ఆపి వినేవాడు. మా ఇంట్లో నా మాట అలా విన్నవాళ్లు లేరు, అందుకే ఎక్కువ చెప్పాను. ఒకరోజు ఆయన బానెట్ మీద, డ్రైవర్ వైపు, నున్నటి బుడిపె ఒకటి తీర్చి, చేత్తో నిమురుతూ ఎట్లుందని అడిగాడు.

"బండి మంచిగున్నదన్నా. గా గడ్డనే ఒకసారి దవాఖానల చూపియ్యి," అన్నాను.

మిత్రుడు పడీపడీ నవ్వాడు. "కొత్త మోడల్‌కి అది తీసేశారు కదండీ," అని శాస్త్రం కూడా జోడించాడు. మేస్త్రి నవ్వలేదు. మూడు రోజుల తర్వాత వెళ్తే బుడిపె లేదు. ముక్కు కిందికి దిగింది. అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉంది. నా కళాదృష్టికి నేనే మురిసిపోయాను.

బండి చూపించాల్సిన రోజు బంద్ పడింది. మధ్యాహ్నం లోపల తెస్తేనే చూస్తామని స్టూడియో నుంచి ఫోన్. మేస్త్రి మా వంక చూశాడు. "ఇద్దరు ఎక్కుండ్రి. ఒక్కన్నే పోతే భయమైతాంది." మిత్రుణ్ణి వెనక కూర్చోబెట్టి, నోరు విప్పవద్దని చెప్పాం. వాడు ఒక్క మాటంటే చాలు, ఏ జిల్లానో తెలిసిపోతుంది.

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. హైవే మీదే రాళ్లు పేర్చి, పొయ్యిలు పెట్టి, గుండిగల్లో అన్నం వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డించే నిరసన. చాలా దూరం నుంచే మేస్త్రి బ్రేకు మీద కాలు వేశాడు. నేను అది మర్యాద అనుకున్నాను. తర్వాత చూస్తే వీపు సీటుకు ఆనించి, రెండు కాళ్లతో పెడల్ మీద దాదాపు నిలబడి ఉన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. బండి నిదానంగా, ఆలోచించుకుంటూ వెళ్లి, పప్పు గుండిగకు జానెడు దూరంలో ఆగింది.

"ఏందన్నా గిది?"

"బూస్టర్ తీసేసిన," అన్నాడు మెల్లగా. బూస్టరంటే బ్రేకు మీద మన కాలి బలాన్ని పెంచే గుండ్రటి డబ్బా.

"ఎందుకు తీసినవ్?"

"గడ్డ కింద గదే ఉండె తమ్మి. గడ్డ తీస్తే దానికి జాగ లేదు."

 

జనం బండిని చుట్టుముట్టారు. కొట్టడానికి కాదు, అభిప్రాయాలు చెప్పడానికి. "మొసలి లెక్క మంచిగున్నది" అని ఒకరు. "గింత పొడుగు మూతి ఏంటికి, సందుల ఎట్ల తిప్పుతవ్?" అని ఇంకొకరు. నెట్‌లో అమెరికావాళ్లు ఇంతకంటే గొప్పగా ఏమీ అనలేదు. పోనివ్వండన్నా అని మేస్త్రి చేతులు జోడించాడు. తినకుండా ఎవర్నీ పోనియ్యం అన్నారు. విస్తరాకులు పడ్డాయి. మేస్త్రి జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తి ఏం చెప్పాలో తెలియక ఆయన అన్నం కలుపుతూ కూర్చున్నాడు. ముద్ద నోటి దాకా వెళ్లి తిరిగొస్తోంది.

"పప్పు ఎట్లుంది బిడ్డా?" అని వడ్డిస్తున్న పెద్దాయన మా మిత్రుణ్ణి అడిగాడు. వాడు తల ఊపితే సరిపోయేది.

"బాగుందండీ. ఉప్పు కొంచెం తక్కువైంది."

గరిటె ఆగింది. పెద్దాయన వాడి వైపు వంగాడు. "ఉప్పు మీ సముద్రం కాడికెళ్లి రావాలె బిడ్డా. బంద్ గదా, రాలే," అని ఇంకో గరిటె వేశాడు. అంతా నవ్వారు, మేస్త్రి తప్ప.

స్టూడియోకి చేరేసరికి చెప్పిన టైము దాటి చాలాసేపయింది. సినిమాకి కార్లు సమకూర్చే పెద్దమనిషి ఇంకా ఉన్నాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ముక్కు మీద అరచేయి ఆనించాడు. "ముక్కు మాత్రం అద్భుతంగా కుదిరిందండీ," అన్నాడు. మేస్త్రి నా వంక చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత ఉంది. అది నేను ఇప్పటికీ మర్చిపోలేని తిట్టు.

తర్వాత పెద్దమనిషి నేల మీద సున్నంతో గీత గీశాడు. వేగంగా వచ్చి గీత మీద ఆగాలి. మొదటిసారి బండి గీత దాటి రెండు బారలు పోయింది. రెండోసారి కూడా అంతే. మూడోసారి తానే అడిగి మరీ వెళ్లాడు మేస్త్రి. పళ్లు బిగించి, స్టీరింగ్ పట్టుకుని పైకి లేచి నొక్కాడు. అయినా బారెడు దాటింది.

"గీత అవతల కెమెరా ఉంటుందండీ. దాని వెనక మనిషుంటాడు," అన్నాడు పెద్దమనిషి. కోపంగా కాదు.

"సార్, బూస్టర్ బిగిచ్చి రేపు పొద్దుగాల్నే తెస్త."

"బిగిస్తే బానెట్ మూత పడుతుందా?"

మేస్త్రి అబద్ధం ఆడితే ఆడొచ్చు. ఆడలేదు. "పడదు సార్. ముక్కు లేపాలె. వారం పడతది."

"షూటింగ్ ఎల్లుండండీ."

 తిరిగి వస్తూ హయత్‌నగర్ దాటాక నేను అడిగాను, చెప్పొచ్చు కదా అన్నా, గడ్డ కింద బూస్టర్ ఉందని. ఆయన రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. ఆ బ్రేకులతో తిప్పే వీలు లేదు.

"నువ్వు సదువుకున్నోనివి గదా తమ్మి. నువ్వే నవ్వినవంటే సిన్మాల జూసెటోళ్లు నవ్వరా అనుకున్న."

పది రోజుల్లో షెడ్డు ఖాళీ అయింది. సామాను డీసీఎం వ్యానులోకి ఎక్కించడానికి నేనూ మిత్రుడూ వెళ్లాం. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వెళ్లాను. అక్కడ మేస్త్రి వెల్డింగ్ మిషన్ ఒక పక్క పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. అంతకు మించి జరగలేదు.

కొన్ని నెలల తర్వాత ధైర్యం తెచ్చుకుని ఫోన్ చేశాను. ఊళ్లో ట్రాక్టర్ ట్రాలీలు తయారు చేస్తున్నానన్నాడు. పనెట్లుంది అన్నా అంటే, నడుస్తాంది అన్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, మరి వాటి బ్రేకుల సంగతి ఏంటని అడిగాను.

ట్రాలీకి బ్రేకులుండవట. ముందున్న ట్రాక్టర్ ఆగితే అదే ఆగుతుందట.