గీత లోపలి కుట్టు

మా వీధిలో మగవాళ్ళందరూ ఒక్కసారిగా చిక్కిపోయారు. పోస్టుమాను ప్యాంటు బెల్టు ఆఖరి చిల్లు దాకా వచ్చి ఆగింది. బస్సు డ్రైవరుగారి కాలర్లో ఇంకో మెడ పట్టేంత చోటు. ఎదురుపడితే చాలు, "ఏంటండీ, ఒంట్లో బాగోలేదా?" అని ఒకరినొకరు పరామర్శించుకునేవారు. తూకం మిషను ఎక్కి చూసుకుంటే ఎవరి బరువూ తగ్గలేదు. డ్రైవరుగారిదైతే కాస్త పెరిగింది కూడా.

చిక్కింది మనుషులు కాదు, వదులైంది బట్టలు. ఆ బట్టలన్నీ వీధి మలుపులో ఉన్న ఒకే ఒక్క కుట్టు దుకాణంలోంచి వచ్చినవి. దుకాణం కటింగ్ మాస్టారిది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ని అదే పేరుతో పిలుస్తున్నాం, అసలు పేరు అడగాలని కూడా ఎవరికీ తట్టలేదు.

మాస్టారు కుర్రతనంలో పెద్ద బట్టల కంపెనీలో కత్తెర పట్టారు. కింది అంతస్తులో కత్తిరింపు, పై అంతస్తులో కుట్టు. ముక్కల్ని మూటకట్టి పైకి పంపేవారు. ఒకరోజు ఆయన పంపిన మూట మెట్ల మీద దొర్లుకుంటూ తిరిగొచ్చింది. దాని వెనకాలే ఒక ఆడగొంతు.

"ఈ చొక్కా చేతులు రెండూ ఒకే మనిషివేనా? కత్తిరించింది ఎవరండీ? కళ్ళు నెత్తికెక్కాయా?"

మాస్టారు మూట చంకన పెట్టుకుని పైకెళ్ళారు. క్షమాపణకి కాదు, దెబ్బలాటకి. మిషను ముందు కూర్చున్న అమ్మాయి సూదిలో దారం ఎక్కిస్తూ తల కూడా ఎత్తలేదు.

"ముందు చేతులు సరిచేసి తీసుకురండి. దెబ్బలాట ఎక్కడికీ పోదు."

నిజంగానే ఎక్కడికీ పోలేదు. పెళ్ళయ్యాక కూడా అది నలభై ఏళ్ళకు పైగా సలక్షణంగా సాగింది.

సొంత దుకాణం పెట్టుకున్నది ఒక్క గదిలో. తలుపు పక్కన కత్తిరింపు బల్ల, దానికి ఎదురుగా కిటికీ కింద ఆవిడ మిషను. వెనకాల వంటగదితో కలిపి ఇల్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే పని. వచ్చేవాళ్ళకి ఈ ఇద్దరూ పెట్టుకున్న పేర్లు కొలతల్ని బట్టి ఉండేవి. సంతలో కూరగాయలు ఏరుతూ కూడా ఆవిడ ఆయన్ని మోచేత్తో పొడిచి, "ఏమండీ, మన ఒంటిభుజం వస్తున్నాడు, అటు తిరగండి, ప్యాంటు ఇంకా కాలేదు" అనేవారు. ఇద్దరూ గబుక్కున వంకాయల గుట్ట వైపు తిరిగిపోయేవారు.

దుకాణం తెరిచిన కొత్తలోనే ఒక ఘోరం జరిగింది. బడిలో ఆటలు నేర్పే సారుకి ప్యాంటు కుట్టారు. ఆయన దాన్ని వేసుకెళ్ళి, పిల్లల్ని వరసగా నిలబెట్టి, కాలివేళ్ళు ఎలా ముట్టుకోవాలో స్వయంగా వంగి చూపించాడు. చర్రుమన్న చప్పుడు ఆఖరి వరసకి కూడా వినిపించిందట. ఆ సంగతి విని మాస్టారమ్మ కడుపు పట్టుకుని, కుట్టుపని పక్కన పడేసి నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఆలోచించారు. కొలత సరే, కత్తెర సరే, మరి తేడా ఎక్కడ? "దీని కుట్టు బట్టని ఎక్కువ తింటోంది" అని తేల్చుకున్నారు. పైకి అనలేదు. కొత్త పెళ్ళాం, కొత్త దుకాణం, ఏమన్నా అంటే మూట మళ్ళీ మొహాన పడుతుంది. అందుకని గుట్టుచప్పుడు కాకుండా సుద్దగీతని కాస్త బయటికి గీయడం మొదలెట్టారు. వెంట్రుకవాసి అనుకుని మొదలెట్టింది ఏళ్ళు గడిచేకొద్దీ వేలెడంత అయింది. చివరికి అలా గీస్తున్నానన్న సంగతే ఆయన మర్చిపోయారు. చెయ్యి దానంతటదే పక్కకి పోయేది.

బట్టలు మాత్రం అందరికీ అచ్చుగుద్దినట్టు సరిపోయేవి.

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం మాస్టారమ్మ కాజాలు కుడుతూ కుడుతూ, "కాస్త నడుం వాలుస్తానండీ, ఆ ఇస్త్రీపెట్టె తీసేయండి, వేడెక్కిపోయింది" అని లోపలికి వెళ్ళారు. మరి లేవలేదు. మాస్టారు ఆరోజు ఇస్త్రీపెట్టె తీశారు, చల్లారేదాకా దాని పక్కనే కూర్చున్నారు. అప్పటికింకా ఆయనకి తెలియదు.

కొన్నాళ్ళు దుకాణం తలుపు మూసే ఉంది. తర్వాత తెరుచుకుంది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం కంటే కత్తెర చప్పుడు నయం అన్నారాయన. కానీ కుట్టేదెవరు? పక్క సందులో ఉండే ఒకావిడ వచ్చింది. ఆవిడ అన్నాళ్ళూ యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో చేసి మానేసింది. అందుకని మాకు ఆవిడ యూనిఫారాలావిడ. మొదటిరోజే తన మడతకుర్చీ తనే తెచ్చుకుంది.

"స్టూలుంది కదమ్మా" అన్నారు మాస్టారు.

"అది మీ ఇంటావిడది మాస్టారూ. మిషనంటే తప్పదు, స్టూలు ఉండనీయండి."

ఆ తర్వాతే వీధి వీధంతా చిక్కిపోవడం మొదలైంది. అందరికంటే ముందు తిరగబడింది డ్రైవరుగారు.

"మాస్టారూ, దాచకుండా చెప్పండి. నాకేమన్నా జబ్బా?"

"నీకేం జబ్బయ్యా, గుండ్రాయిలా ఉన్నావు."

"మరి ఇదేంటండీ? ఈ చొక్కాలో నేనూ మా ఆవిడా కలిసి దూరొచ్చు!"

మాస్టారు కళ్ళజోడు పైనుంచి మిషను వైపు చూశారు. "ఏమ్మా?"

యూనిఫారాలావిడ లేచొచ్చి చొక్కా అంచు పట్టుకుని తిరగేసింది. "చూడండి. మీరు గీసిన గీత, దాని మీద నా కుట్టు. సూదిమొన అటూ ఇటూ పోయి ఉంటే నన్ను ఇప్పుడే పంపేయండి."

పోలేదు. కుట్టు గీత మీదే రైలు పట్టాల మీద పోయినట్టు పోయింది. మాస్టారు చొక్కాని కాసేపు అలాగే పట్టుకుని, "వదిలి వెళ్ళు నాయనా, సరిచేస్తాను" అన్నారు. ఆ గొంతు విన్నాక డ్రైవరుగారు ఇంకో జోకు వేయబోయి మింగేశాడు.

అప్పుడు రంగంలోకి దిగింది మాస్టారి కూతురు. ఆమె ఆసుపత్రిలో నర్సు, ఏ నొప్పినైనా ముందు పరీక్ష చేయించాలంటుంది. నాన్నని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. కళ్ళు బాగానే ఉన్నాయన్నారు.

"కళ్ళు కాదంటే ఇక చెయ్యే తల్లీ" అన్నారు మాస్టారు, తిరిగొస్తూ. "కటింగ్ మాస్టరుకి చెయ్యి పోతే ఏం మిగిలింది?"

"పోతే పోయింది నాన్నా, ఇంకెన్నాళ్ళు చేస్తావ్? అమ్మ ఉన్నప్పుడు వేరు. నా దగ్గరికొచ్చి ఉండు. గది అద్దెకిద్దాం."

ఆయన ఎదురుచెప్పలేదు. అదే అందరికీ దిగులైంది. ఎదురుచెప్పని మాస్టారిని మేమెప్పుడూ చూడలేదు. ఫోన్లు బాగుచేసే ఒకతను గది చూడటానికి వస్తానన్నాడు. యూనిఫారాలావిడ కుర్చీ మడత పెట్టుకోవాల్సిన రోజు దగ్గరపడింది.

ఈలోగా డ్రైవరుగారు ఒక పాత కోటు పట్టుకొచ్చాడు. మేనకోడలి పెళ్ళట, కోటు పొట్ట దగ్గర కలవట్లేదట.

"కొత్తది మీ దగ్గర కుట్టించుకోనండీ, కోప్పడకండి. దీన్నే కాస్త వదులు చేయండి. ఇది మాస్టారమ్మ కుట్టింది, ఎంత కట్టుదిట్టంగా ఉందో చూడండి."

మాస్టారు కోటుని తిరగేసి, లోపలి అస్తరు విప్పి, కుట్టు ఊడదీశారు. ఊడదీస్తూ ఊడదీస్తూ ఆగిపోయారు. లోపల మడిచి ఉన్న బట్ట ఇంకో జేబు కుట్టేంత ఉంది.

"తినేసింది! నేననుకోలా, దీని కుట్టు బట్టని తింటుందని!" అని ఎగిరి గంతేసినంత పని చేశారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, తను గీత ఎందుకు బయటికి గీసేవారో. ఆటల సారు, చిరిగిన ప్యాంటు, అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశారు. "చూశారా, నా చెయ్యి పోలేదు! అది తింటుందని నేనే వదిలేవాణ్ణి! ఇన్నేళ్ళూ దాని మనసు నొప్పించకుండా నెట్టుకొచ్చాను!"

యూనిఫారాలావిడ మాత్రం కోటు మీదకి వంగి చూస్తోంది. "మాస్టారూ, మీ సుద్ద తెల్లది కదా?"

"అవును."

"మరి ఈ నీలం గీత ఎవరిది?"

తెల్లగీతకి లోపలగా, దాని పక్కనే, తీరుగా, కొలిచి గీసిన నీలం గీత. కుట్టు దాని మీద ఉంది. చెయ్యి జారి తిన్న బట్ట కాదది. ఆవిడ ప్రతి ముక్కనీ తీసుకుని, మళ్ళీ కొలిచి, ఆయన గీతని సరిదిద్ది కుట్టారు. ఆయన మొహం ముందే కూర్చుని.

డ్రైవరుగారికి ముందు అర్థమైంది. "అంటే... ఆవిడ ఎక్కువ తింటుందని మీరు పెద్దగా గీశారు. మీరు పెద్దగా గీస్తున్నారని ఆవిడ లోపలికి కుట్టింది. ఇద్దరూ నోరు మెదపలేదు. మధ్యలో నా పొట్ట సరిగ్గా సరిపోయింది!"

ముగ్గురూ నవ్వడం మొదలెట్టారు. మాస్టారు ఎంత నవ్వారంటే బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. నవ్వుతూనే కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు. "మూట విసిరేసిన మనిషి, ఈ ఒక్కటీ చెప్పలేదు చూడమ్మా. నేను బాధపడతానని. రోజుకి వంద తిట్లు తిట్టింది, ఇది మాత్రం అనలేదు."

"దీనికంత ఆలోచన ఎందుకు మాస్టారూ" అంది యూనిఫారాలావిడ. "మీరు ఎప్పట్లాగే గీయండి. నేనూ లోపలికి కుడతాను. నాకేం పోయింది?"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. కిటికీ కింద ఖాళీగా ఉన్న స్టూలు వైపు చూశారు.

"వద్దమ్మా. ఆ కుట్టు దానిది. నువ్వు గీత మీదే కుట్టు. నేనే దారికొస్తాను."

అన్నంత తేలికా? సుద్ద పట్టుకోగానే చెయ్యి పాత బాట తెలిసిన ఎద్దులా పక్కకి లాగేది. పాత పేపర్లు పరిచి గీశారు, కత్తిరించారు, చింపి పారేశారు. వీధిలోకి తిట్లు వినిపించేవి. పోస్టుమాను తలుపులోంచి తొంగిచూసి, "ఎవర్ని మాస్టారూ అంతలా?" అంటే, "నా కుడిచేతిని! పక్కకి పోతోంది వెధవది!" అనేవారు. ఆ వెధవని దారికి తేవడానికి ఆయన తిండి కూడా బల్ల దగ్గరే తిన్నారు. చాలాకాలం తర్వాత ఆయన మళ్ళీ ఎవరితోనో పోట్లాడుతుంటే వీధికి హాయిగా ఉంది.

పేపర్లయ్యాక బట్ట. మొదటి చొక్కా డ్రైవరుగారిదే, బతిమాలి ఒప్పించారు. అది వేసుకుని చూసే రోజునే కూతురు ఫోన్లతన్ని వెంటబెట్టుకుని వచ్చింది.

డ్రైవరుగారు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటున్నాడు. మాస్టారు గోరు కొరుక్కుంటున్నారు. యూనిఫారాలావిడ మిషను ఆపేసింది. ఆఖరి గుండీ పడింది. డ్రైవరుగారు చేతులు పైకెత్తాడు, దించాడు, అద్దం ముందు పక్కకి తిరిగాడు.

"ఏమిటయ్యా, చెప్పవేం?"

"ఊపిరి పీల్చుకోవచ్చండీ. పొట్ట దాచుకోవడానికి మాత్రం చోటు లేదు."

మాస్టారు వెళ్ళి భుజాల మీద చెయ్యి రాశారు, కాలర్లో వేలు పెట్టి చూశారు, వీపు మీద ఒక్కటి చరిచారు. "సరిపోయింది!" అన్నారు, తనకి తనే చెప్పుకున్నట్టు. కూతురు గుమ్మంలోనే నిలబడి నాన్న మొహం చూస్తోంది.

ఫోన్లతను ఇవేమీ పట్టనట్టు గోడ దగ్గరికి పోయి, "అరలు ఇక్కడ కొడితే సరిపోతుందా?" అంటూ చెయ్యి చాచాడు. అతని చొక్కా చేతులు వేళ్ళ దాకా వేలాడుతున్నాయి. మాస్టారి చూపు అక్కడ పడింది, ఇంకెక్కడికీ పోలేదు.

"ఎవరు కుట్టారు బాబూ దీన్ని?"

"కొన్నదండీ."

"అదే అనుకున్నా. అలాగే ఉండు, చెయ్యి దించకు." టేపు అప్పటికే భుజం మీద పడింది.

"నాన్నా! ఆయన గది చూసుకోవడానికి వచ్చారు!"

"గది ఎక్కడికి పోతుంది తల్లీ. ఇంత చెట్టంత మనిషి, వేళ్ళు కనపడకుండా తిరుగుతున్నాడు. నేను చెప్తాను, నువ్వు రాసుకో."

ఫోన్లతను చెయ్యి చాచినవాడు చాచినట్టే నిలబడి, ఆమె వైపు దిక్కుతోచనట్టు చూశాడు. ఆమె అతన్నీ, నాన్ననీ, మిషను మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా కూర్చున్న యూనిఫారాలావిడనీ చూసింది. తర్వాత బ్యాగు కింద పెట్టి, దగ్గరికొచ్చి, నాన్న చెవి వెనకనుంచి పెన్సిలు తీసుకుంది.