కొలోన్ నుంచి పంపిన కార్డు

మా అల్ఫారెట్టా కాలనీలో ఈమధ్య ఇంటింటి ముందూ ఉండే పోస్టు డబ్బాలు పీకేసి, అన్నిటినీ కలిపి వీధి చివర ఒక ఇనప అలమరలాగా నిలబెట్టారు. అందానికట. ఎవరి అందానికో చెప్పలేదు. రోజూ మధ్యాహ్నం మోకాళ్లను బతిమాలుకుంటూ అక్కడిదాకా నడిచి, చిన్న తాళం తీసి చూస్తే, లోపల పిజ్జా కూపన్లూ, మా వారి పేరిట వినికిడి యంత్రాల ప్రకటనలూ తప్ప ఇంకేమీ ఉండవు. ఆ ప్రకటనల్ని ఆయన శ్రద్ధగా చదువుతారు. నేను చెప్పేది మాత్రం వినరు కాబట్టి, యంత్రం అవసరమా కాదా అన్నది మా ఇంట్లో మొన్నటిదాకా తేలలేదు.

మొన్న అలాగే వట్టి చేతులతో తిరిగొచ్చేసరికి వంటింటి బల్ల దగ్గర మా మనవరాలు ఫోన్ మీద వేలు ఆడిస్తూ జర్మనీకి వారం రోజుల ట్రిప్ ప్లాన్ చేస్తోంది. గైడు లేదు, టూరు కంపెనీ లేదు. తనూ ఇద్దరు స్నేహితురాళ్లూ, నాలుగు ఊళ్లు, మ్యూజియంలు, చర్చిలు, ఒక సంగీత కచేరీ. నేను కాఫీ కలుపుకుని వచ్చేలోపల హోటళ్లు బుక్ చేసేసింది. "అమ్మమ్మా, మీరు వెళ్లారు కదా, కొలోన్ వర్త్ ఇట్టేనా?" అని అడిగింది. సోఫాలో అప్పటిదాకా మెలకువగా ఉన్న మా వారు ఆ ఊరి పేరు వినగానే కళ్లు మూసుకున్నారు. వినికిడికి ఏ లోపమూ లేదని అప్పుడు తేలింది.

ఎనభైల మొదట్లో మేం సన్నీవేల్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. ఆయన చిప్పులు చేసే కంపెనీలో ఇంజనీరు. నేను హిస్టరీలో ఎమ్మే చేసినదాన్ని కాబట్టి ఊరి లైబ్రరీలో తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో సర్దే ఉద్యోగం దొరికింది. మాకొక అమ్మాయి, అప్పటికి ఏడేళ్లది. ఇప్పుడు ఈ ఇల్లు దానిదే. ఆ రోజుల్లో ఇక్కడికొచ్చినవాళ్లకి ఇండియా ప్రయాణం గురించి నేను చెప్పనక్కర్లేదు. రెండేళ్ల సెలవు కూడబెడితే మూడు వారాలయ్యేది. అందులో ఒక వారం ఆయన వైపు, ఒక వారం నా వైపు, మూడోది పెళ్లిళ్లకీ మొక్కులకీ కడుపునొప్పికీ. ఆ వారాల సరిహద్దులు దేశాల సరిహద్దుల కన్నా గట్టివి. ఒక పూట అటూ ఇటూ జరిగినా మళ్లీ వెళ్లేదాకా మాట పడాల్సిందే.

అలాంటి ఏడు, ప్రయాణానికి నాలుగు నెలల ముందు, మా వారు అన్నం తింటూ, ఎలాగూ విమానం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగుతుంది కాబట్టి ఒక వారం పశ్చిమ జర్మనీలో దిగి, అక్కడి కళలూ సంస్కృతీ చూసుకుని వెళ్దామన్నారు. నేను ముద్ద కిందపెట్టి ఆయన మొహం చూశాను. సంస్కృతితో ఆయనకున్న పరిచయం నాకు తెలుసు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకసారి బలవంతాన మ్యూజియంకి తీసుకెళ్తే, రెండో గదిలోనే బెంచీ చూసుకుని కూర్చుని, ఆ బెంచీ చాలా బాగా చేశారని మెచ్చుకుని, దాని మీదే నిద్రపోయిన మనిషి. నాకేమో కాలేజీ రోజుల నుంచీ యూరప్ చర్చిలంటే ప్రాణం. నాకిష్టమైనదాన్ని నేనడగకుండా నాకే తెచ్చిపెడుతున్నారంటే, దాని వెనక ఏదో ఉండే ఉంటుంది. పెళ్లైన పదేళ్లలో నేను నేర్చుకున్న చరిత్ర అది.

మొదట అక్కడేదో ఉద్యోగం చూసుకున్నారనుకున్నాను. మళ్లీ కాపురం మూట కట్టుకోవాలేమోనని రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ టై పెట్టుకుంటారా అని అడిగితే, సెలవులో టై ఎందుకని విసుక్కున్నారు. ఆ అనుమానం పోయి, దాని స్థానంలో అసలుది వచ్చింది: ఈ వారం ఎవరి వారంలోంచి కోస్తున్నారు?

సూటిగా అడగకుండా పరీక్ష పెట్టాను. లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ తెచ్చి, నాలుగు ఊళ్ల టూరిస్టు ఆఫీసులకి ఉత్తరాలు రాసి, వాళ్లు పంపిన మ్యాపులతో ఒక ఫైలు కట్టాను. గైడు అక్కర్లేకుండా ఏ వీధిలోంచి ఏ వీధికి నడవాలో రంగు పెన్సిళ్లతో గీశాను. ఆ ఫైల్లోంచి ఒకరోజు హైడల్‌బర్గ్ తీసేసి, ఆరు రోజులు చాలేమో అన్నాను. ఆయన వెంటనే న్యూరెంబర్గ్‌లో బొమ్మల మ్యూజియం ఉంది, అమ్మాయికి చూపించాలి అన్నారు. ఇంకోసారి మ్యూనిక్‌లో ఒక పూట తగ్గిస్తే, అక్కడ యంత్రాల మ్యూజియం చూడకపోతే జన్మ వృథా అన్నారు. ఏ ఊరైనా ఆయనకొకటే. ఏడు రోజులు మాత్రం ఏడు రోజులే కావాలి. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"ఈ వారం ఎవరిది?"

"మా వైపుది."

"బావగారికి రాశారా?"

"రాశాను."

మా పుట్టింటి వారం నిలబడినందుకు ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత అనుమానం రెట్టింపైంది. ఎందుకంటే బావగారంటే ఆయనకు వట్టి అన్నగారే కాదు. చిన్నప్పుడే తండ్రి పోతే, తన చదువు ఆపుకుని తమ్ముణ్ణి ఇంజనీరుని చేసిన మనిషి. బెజవాడలో ఒక గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటు. ముప్పై ఏళ్లుగా ఇతరుల సెలవు చీటీలు చూసి చూసి, మనుషుల్ని కూడా జతపరచిన పత్రాలతో సహా చూడటం అలవాటైంది. మేం వాళ్లింట్లో అడుగు పెట్టగానే, కాఫీ కంటే ముందు, మా పాస్‌పోర్టులూ టికెట్లూ పుచ్చుకునేవారు. కళ్లజోడు పెట్టుకుని మూడు సింహాల అట్ట నుంచి ఆఖరి పేజీ దాకా ఒక్కొక్క ముద్రా చదివి, తువ్వాలులో చుట్టి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జంధ్యానికి కట్టుకునేవారు. బయల్దేరే రోజు పొద్దున్నే వాటిని చేతికిస్తూ, ఎప్పుడొచ్చేస్తున్నావురా అని ఒకే ఒక్క ప్రశ్న అడిగేవారు. మా వారు, చూద్దాం అన్నయ్యా, అనేవారు. ఐదేళ్లలో వచ్చేస్తానని చెప్పి వచ్చిన మనిషి మరి.

ఆ ఏడు వేసవికి ముందే మా వారు ఇక్కడ పౌరసత్వం తీసుకుని ప్రమాణం చేసి వచ్చారు. నాది ఇంకా కాలేదు. అందుకే జర్మనీ వీసా కోసం నేనొక్కదాన్నే శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లి వరసలో నిలబడ్డాను. ఆయన పౌరసత్వం సంగతి బావగారికి ఇంకా తెలియదు. ఉత్తరంలో రాసేది కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి అనేవారు మా వారు. ఎదురుగా చెప్పాల్సిన మనిషి ఎదురుపడే వారాన్నే తీసుకెళ్లి జర్మనీలో ఎందుకు పెట్టారన్న ప్రశ్న ఆ వరసలోనే నాకు తట్టింది. తట్టలేదని అబద్ధం ఆడను. చేతిలో కొలోన్ చర్చి బొమ్మ ఉంది. ప్రశ్నని మడిచి ఫైల్లో పెట్టేశాను.

ఇండియాకి పట్టుకెళ్తున్న సూట్‌కేసుల్ని ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషన్‌లో దాచి, అటుకులూ ఆవకాయా ఉన్న సంచీ భుజాన వేసుకుని, నా ఫైలు చెప్పినట్టల్లా ఊళ్లు తిరిగాం. నాలుగో రోజు కొలోన్. ఆ చర్చి ముందు నిలబడి శిఖరాలు చూడాలంటే మెడ నొప్పి పుడుతుంది. కట్టడం పూర్తవడానికి ఆరు వందల ఏళ్ల పైమాటే పట్టిందని మా వారికి చెప్పాను. ఆయన నిద్రపోలేదు. ఎంతసేపు గడిచినా పైకి చూస్తూనే ఉండిపోయారు. చివరికి సంస్కృతి ఎక్కిందని సంతోషించాను. ఆయన అమ్మాయికి ఐస్‌క్రీం కొనడానికి వెళ్లిన పది నిమిషాల్లో, మెట్ల మీద కూర్చుని మూడు పిక్చర్ కార్డులు రాశాను. ఒకటి మా నాన్నకి, ఒకటి మా అక్కకి, ఒకటి బావగారికి. వారం రోజులు జర్మనీలో హాయిగా తిరుగుతున్నాం, మీరూ అక్కయ్యగారూ ఒకసారి చూడాల్సిన ఊళ్లు అని గుండ్రటి అక్షరాలతో రాసి, పసుపుపచ్చ డబ్బాలో వేసి, పుణ్యం చేసినట్టు చేతులు దులుపుకున్నాను.

హైదరాబాద్‌లో మా చిన్నాన్న కూతురి పెళ్లి చూసుకుని, రాజమండ్రిలో మా పుట్టింటికి రైలెక్కాం. బెజవాడలో బండి ఇరవై నిమిషాలు ఆగుతుంది. బావగారూ మా తోటికోడలు అక్కయ్యగారూ నాలుగు గిన్నెల క్యారియర్‌తో మా పెట్టె ముందే నిలబడి ఉన్నారు. పులిహోర, దద్దోజనం, గోంగూర, పాపకి వేరేగా కారం లేని పప్పు. బావగారు కిటికీ దగ్గరికొచ్చి నన్ను ఓదార్చారు.

"సెలవు రెండు వారాలే ఇచ్చార్టగా అమ్మాయ్. ఏం చేస్తాం, పైవాడు సంతకం పెట్టకపోతే కలెక్టరైనా కదల్లేడు. దిగమని నేననను. పెళ్లీ, మీ వాళ్లూ, అంతా చక్కబెట్టుకోవాలిగా."

నేను మా వారి వైపు చూశాను. ఆయన క్యారియర్ మూత వైపు చూస్తున్నారు. పాస్‌పోర్టులు భద్రమా, ఎవరి దగ్గరున్నాయి అని బావగారు అడిగితే, ఆయన చెయ్యి దానంతటదే లాల్చీ జేబు మీదికి వెళ్లింది. బండి కదిలాక అడిగాను.

"సెలవు దొరకలేదని రాశారా?"

"ఊఁ."

"నేను కొలోన్ నుంచి కార్డు రాశాను."

"ఎవరికి?"

"బావగారికి. వారం రోజులు తిరుగుతున్నామని."

"పిన్ కోడ్ రాశావా?"

"రాశాను."

"అయితే చేరుతుంది," అన్నారు. ఏలూరు దాటాక, నేనడక్కుండానే, "బీరువా," అని ఒక్క మాట అన్నారు. వివరించనక్కర్లేదు. మూడు సింహాలు ఉండాల్సిన అట్ట మీద గద్ద కనపడితే అన్నగారి మొహం ఎలా ఉంటుందో చూడటం ఇష్టంలేక, ఆ మనిషి మ్యూజియంలన్నీ భరించాడు.

రాజమండ్రిలో ఉన్న వారం రోజులూ, జీవితంలో మొదటిసారి, ఉత్తరం దారిలోనే పోవాలని కోరుకున్నాను. బస్సెక్కితే నాలుగు గంటలు, కార్డుకంటే ముందు మీరెళ్లి చెప్పండి అని రోజూ పోరాను. ఆయన రోజూ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోదావరి గట్టు దాకా వెళ్లి వచ్చేసేవారు. ఒకరోజు బస్టాండు దాకా వెళ్లి, అరటిపళ్లు కొనుక్కొచ్చారు. మంచి పళ్లే.

తిరుగు ప్రయాణంలో బెజవాడ ప్లాట్‌ఫారం మీద బావగారొక్కరే ఉన్నారు. క్యారియర్ ఉంది. చొక్కా జేబులోంచి కొలోన్ చర్చి శిఖరాలు రెండూ బయటికి కనపడుతున్నాయి. నా రాత గుండ్రంగా ఉందని మెచ్చుకున్నారు. అంత ఎత్తూ ఎక్కావా అని మా అమ్మాయిని అడిగారు. ఎవరూ ఏమీ అనకముందే మా వారు జేబులోంచి పాస్‌పోర్టు తీసి కిటికీలోంచి చాపారు. బావగారు కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, పెట్టుకుని, ఇంట్లో చదివినట్టే మొదటి అట్ట నుంచి చివరి పేజీ దాకా చదివారు. మూసి, తిరిగిచ్చేశారు.

ఆ తర్వాత మేం ఎప్పుడు ఇండియా వెళ్లినా ముందు బెజవాడే వెళ్లేవాళ్లం. మా వారే పాస్‌పోర్టులు తీసి బీరువా పక్కన బల్ల మీద పెట్టేవారు. బయల్దేరే దాకా అవి అక్కడే ఉండేవి, కాఫీ గ్లాసుల మధ్య. బావగారు వాటిని ముట్టుకోలేదు. ఎప్పుడొచ్చేస్తున్నావని కూడా మళ్లీ అడగలేదు. ఆయన పోయి చాలా ఏళ్లైంది. ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఇప్పుడు మాకెవరూ మిగల్లేదు. ఉన్నప్పుడేమో, దానికి భయపడి ఒక దేశం చుట్టి వెళ్లాం. మా మనవరాలికి సెలవు సంగతే అక్కర్లేదట, ల్యాప్‌టాప్ పట్టుకెళ్తే మ్యూనిక్ కూడా ఆఫీసేనట. కొలోన్ నుంచి ఒక్క కార్డు పంపవే అంటే, ఫోటో పంపుతాను కదా అమ్మమ్మా అంది. నేను మాత్రం రేపటి నుంచి కూడా ఆ ఇనప అలమర దాకా నడుస్తూనే ఉంటాను.

ఆ తిరుగు ప్రయాణం రోజు బెజవాడలో సిగ్నల్ పడి బండి కదిలినప్పుడు బావగారు కిటికీ ఊచ పట్టుకుని మాతోపాటు నాలుగడుగులు నడిచారు. ఊచ వదిలేముందు తమ్ముడి వైపు చూసి, గొంతు పెంచకుండా అన్నారు:

"ఒరేయ్, రావాలని లేకపోతే లేదని రాయి. సెలవు దొరకలేదని మాత్రం రాయకు."