వాగు పక్షాన నిలిచిన రాజేశ్వరి మేడమ్

రాజేశ్వరి మేడమ్ ఇక లేరన్న వార్త ఫోన్లో విన్నప్పుడు నేనొక మిరపతోటలో రైతులతో మాట్లాడుతున్నాను. ఖమ్మంలో, తమ ఇంట్లోనే, హఠాత్తుగా గుండె ఆగిపోయిందట. ఆ తర్వాత అవతలివారు ఏం చెప్పారో వినలేదు. ముందు దుఃఖం వచ్చింది. సంతాప సభ ముగిసేసరికి ఆగ్రహమే మిగిలింది. దాన్ని దాచుకుని మర్యాదగా నివాళి రాయడం నాకు చేతకావడం లేదు.

భద్రాచలం అడవి అంచున మా మండలానికి ఆమె వ్యవసాయాధికారి. ఆమె కింద విస్తరణాధికారిగా చేరి నేను ఉద్యోగం నేర్చుకున్నాను. మా వాగుకు ఎగువన మిరప, పత్తి చేలు. దిగువన ఒక కోయగూడెం. ఎండాకాలం ఆ గూడెంవాళ్లు వాగు ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్లు తాగుతారు.

ఒకసారి రైతువేదిక భవనంలో సమావేశం జరుగుతుండగా ఆ గూడేనికి చెందిన ముత్తమ్మ టేకాకులో చచ్చిన చేపలు చుట్టుకుని వచ్చింది. "అమ్మా, గీ చేపల జూడుండ్రి. పైన మందు కొట్టినప్పుడల్లా గిట్లనే తేలుతున్నయ్. గా నీళ్లే మా పిల్లలు తాగుతున్నరు" అన్నది.

పురుగుమందుల దుకాణం నడిపే పెద్ద రైతొకాయన లేచి, "నాలుగు చేపల కోసం మా పంటలు పురుగుకు వదిలేయమంటవా ఏంది?" అన్నాడు. సభ నవ్వింది. మేడమ్ నవ్వలేదు. "నవ్వేటోళ్లు బయటికి పోండ్రి. అక్క చెప్పుడు అయినంకనే మనం మాట్లాడుదాం" అని ముత్తమ్మను తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మరునాడు నన్ను వెంటబెట్టుకుని వాగుకు బయలుదేరారు. అక్కడ నర్సయ్య అనే రైతు స్ప్రేయర్ డబ్బాను వాగులో ముంచి కడుగుతున్నాడు.

"నర్సయ్యన్నా, గా డబ్బను మీ ఇంటి బిందెల కడుగుతవా?"

"అదేంది మేడమ్, అవి తాగే నీళ్లు గద!"

"ఇవి గూడ తాగే నీళ్లే. తాగేటోళ్లు నీకు కనబడ్తలేరు, గంతే."

నర్సయ్య డబ్బాను నీళ్లలోంచి పైకి తీశాడు. మేడమ్ అంతటితో వదిలిపెట్టలేదు. ఆకులు తిప్పి చూసి, పురుగు ఉంటేనే మందు కొట్టమన్నారు. డబ్బా కడిగిన నీళ్లను చేనుమీదే పిచికారీ చేయించారు. భూసార పరీక్ష చేయించి, యూరియాను కొద్దికొద్దిగా, మబ్బు పట్టని రోజు చూసి వేయించారు. వాగు గట్టు వెంట కొంత నేలను దున్నకుండా గడ్డికి వదిలేయించారు. చేలోంచి కొట్టుకొచ్చే మట్టినీ ఎరువునూ ఆ గడ్డి చాలావరకు పట్టి ఉంచుతుంది. "చేనుకు పెట్టింది చేన్లనే ఉండాలె. వాగుల కలిస్తే నీకు నష్టం, కిందోళ్లకు విషం" అనేవారు. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ మోగుతూనే ఉంది.

నర్సయ్య భయపడుతూనే ఒప్పుకున్నాడు. పంట తగ్గలేదు. అది చూసి పక్క రైతులూ కదిలారు. తర్వాతి పంటకాలంలో వాగులో చేపలు తేలలేదని ముత్తమ్మే ఆఫీసుకు వచ్చి చెప్పి వెళ్లింది.

ఆ పెద్ద రైతు పురుగుమందుల దుకాణంలో అమ్మకం పడిపోయింది. మేడమ్ రైతులను బెదిరిస్తున్నారని ఆ పెద్దమనిషి పైవాళ్లకు ఫిర్యాదు చేశాడు. విచారణ లేకుండానే బదిలీ ఉత్తర్వు వచ్చింది. వాగు దాకా వచ్చి చూసిన అధికారి ఒక్కరు లేరు. ముత్తమ్మను పిలిచి అడిగినవారు లేరు. నేను ఆవేశపడితే మేడమ్ అన్నారు: "బాధపడకు తమ్ముడూ. నర్సయ్యన్నకు నేర్పినం గద, గది ట్రాన్స్‌ఫర్ కాదు."

ఆమె వెళ్లగానే గట్లను మళ్లీ నీటి అంచు దాకా దున్నేశారు. నర్సయ్య చేను ఒక్కటే మారలేదు. ఉద్యోగ విరమణ తర్వాత కూడా ఆమె ఖమ్మం నుంచి బస్సులో వచ్చి రైతులను బతిమాలేవారు, కోప్పడేవారు. మా శాఖ ఆమెను ఒక్కసారీ పిలవలేదు.

సంతాప సభలో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది ఆ దుకాణం పెద్దమనిషే. "రైతు బాంధవి" అని కళ్లు తుడుచుకున్నాడు. గూడెం నుంచి నడిచివచ్చిన ముత్తమ్మ మైకు అడిగితే టైం అయిపోయిందన్నారు. నేను వేదిక ఎక్కి, మైకు లాక్కుని ఆమె చేతికిచ్చాను.

"మేడమ్‌ను మీరే ఎల్లగొట్టిండ్రు. ఇయ్యాల దండలేస్తున్నరు. మా నీళ్లల్ల మందు కలుపుడు ఎప్పుడు ఆపుతరు? గది చెప్పుండ్రి" అన్నదామె.

సభ పెద్దలు వెంటనే రైతువేదికకు మేడమ్ పేరు పెట్టాలని తీర్మానం చేశారు.

పెట్టకండి. వాగు గట్టు మీద నుంచి ముందు మీ నాగళ్లు తీయండి. అది చేయలేనివారికి ఆమె పేరు పలికే అర్హత లేదు. ఆ పదవిలోకి ఇంకొకరు వస్తారు, వెళతారు. ఎన్నడూ తన ఇంటికి రాని మనుషుల దాహాన్ని తన బాధ్యతగా మోసిన అధికారి మాత్రం మాకు మళ్లీ దొరకరు. మేడమ్, మీకు సాష్టాంగ ప్రణామం. శాంతంగా ఉండమని మాత్రం నన్ను ఎవరూ అడగవద్దు.