గార్డు చొక్కాకు రెండు ఎడమ చేతులు

వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అంటారు, భర్తను మాస్టరనేవారు. కొలతలూ కటింగూ మాస్టరువి, కుట్టు ఆమెది. పెళ్లయిన నాటి నుంచి ఆమె కత్తెర పట్టింది దారాలు తెంపడానికే. మాస్టరు పోయాక, ఆయన కత్తిరించి మూటలు కట్టి ఉంచిన బట్టలన్నీ ఒక్కొక్కటే కుట్టి ఇచ్చేసింది. ఏడవలేదు. పెడితే తింది, దీపం ఆర్పితే పడుకుంది. చివరికి ఒక్క మూట మిగిలింది. అడవి పార్కు గార్డు ఖాకీ చొక్కా.

విప్పి చూస్తే రెండూ ఎడమ చేతులే. ఆ ఖాకీ ఒక వైపు నునుపు, రెండో వైపు వెలిసినట్టుంటుంది. తిప్పి కుట్టే వీల్లేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంలో కత్తిరించాడు మరి. నిద్రలో కత్తెరిచ్చినా గీత తప్పడని వీధంతా చెప్పుకునే మనిషి. ఆమె మూట మళ్లీ కట్టి మిషను కిందికి తోసింది. ఎవరికీ చెప్పలేదు. కుడి చెయ్యి కత్తిరించాలంటే ఇక తనే కత్తిరించాలి. కత్తెర పెడితే మాస్టరు పని ముగిసినట్టు, పెట్టకపోతే దుకాణం మూసినట్టు.

ఒక ఆదివారం ఆడపడుచు వచ్చి చెప్పులు ముందు పడేసింది.

"బెల్లంకొట్టిన రాయిలా ఎన్నాళ్లే ఇలా? పద. పార్కులో వెయ్యేళ్ల చెట్టుందట. చూస్తే మనసు కుదుటపడుతుందట."

"ఎవరికి కుదుటపడింది వదినా?"

"పాలవాడి అత్తగారికి."

"ఆవిడకి మనసెప్పుడు చెదిరింది?"

"నీతో వాదించేకంటే ఆ చెట్టుతో మాట్లాడ్డం నయం. నడువు."

పార్కులో దారి తేమగా, మెత్తగా ఉంది. మలుపు తిరగ్గానే చెట్టు. మొదలు ఒక ఇల్లంత ఉంది, చుట్టూ చెక్క కంచె. బెరడు మడతల్లో నాచు పట్టింది. జనం తలలెత్తి నోళ్లు తెరిచారు. మిషనమ్మా తలెత్తింది. పెద్ద చెట్టే. తన లోపల ఏదైనా కదులుతుందేమోనని కాసేపు ఆగింది. ఏమీ కదల్లేదు. మెడ నొప్పెట్టి తల దించుకుంది.

ఆడపడుచు అప్పుడు చూసింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. మెడలో ఆ టేపేమిటే? చెట్టుకి లంగా కుడతావా?"

పొద్దున అలవాటుగా వేసుకున్నదే. తీసి సంచిలో పెట్టుకోబోతుంటే కంచె పక్కనుంచి గార్డు వచ్చాడు. ఒంటి మీద పాత చొక్కా, కుడి మోచేయి దగ్గర చిరుగు.

"అక్కా, చొక్కా సంగతి అడగడానికి నోరు రావట్లేదు."

"అడిగావుగా."

అతను తల గోక్కున్నాడు. "అందరూ వేరే దగ్గర కుట్టించుకోమంటున్నారు. నాకేమో మాస్టరుగారి చేత్తో కత్తిరించిందే కావాలి."

మిషనమ్మ బెరడు వైపు చూస్తూ అంది. "రెండూ ఎడమ చేతులే కత్తిరించారు."

"మా తమ్ముడా?" ఆడపడుచు గొంతు లేచింది. "వాడలా చెయ్యడు."

"జ్వరంలో, వదినా."

గార్డు చిరుగు వైపు చూసుకుని, చెట్టు ముందే కుడి చెయ్యి చాపాడు.

"అయితే ఈ చెయ్యి నువ్వే కత్తిరించక్కా. మిగతాదంతా ఆయనదేగా."

ఆమె అతని భుజం మీద టేపు ఆనించింది. "మోచెయ్యి వంచు," అంది, మాస్టరు అన్నట్టే. ఇంటికొచ్చి చూస్తే ఆ పొడవు మూటలోని చేతికి సరిగ్గా సరిపోయింది. ఆయన పొడవు తప్పలేదు, పక్క తప్పాడు.

సాయంత్రం మాస్టరు బల్ల మీద మిగులు ఖాకీ పరిచింది. అదనపు ఎడమ చేతిని బోర్లా తిప్పి దాని మీద పెట్టింది. అలా పెడితే అంచులు కుడి చేతివే.

వంటింట్లోంచి ఆడపడుచు అడిగింది. "ఏమే, చెట్టు చూశాక కాస్త తేలికపడిందా?"

"లేదు వదినా. ఆ గూట్లో సుద్ద ఉంటుంది, ఇటందించు."