మూడో సీసా, మేస్త్రీ సాక

ఆ శుక్రవారం మధ్యాహ్నం గల్ఫ్‌లో, అల్ ఖౌద్‌లోని ఇంజినీరు ఇంటి వరండాలో ఐదుగురం ఉన్నాం: మా సైట్ ఇంజినీరైన ఫ్రెంచి ఆయన, వాళ్ల దేశం నుంచి చూడవచ్చిన ఆయన తల్లి, నిజామాబాద్ వైపు మేస్త్రీ, ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న భీమవరం అక్క, కాంక్రీటు పరీక్షించే ల్యాబులో పనిచేసే నేను. వస్తువులు: అరబిక్ పేపరు చుట్టిన సీసాలు మూడు, గాజు గ్లాసులు ఐదు, ప్లాస్టిక్ బకెట్టు ఒకటి, అక్క వండి తెచ్చిన చేపల పులుసు, అన్నం.

తొంభైల మొదట్లో మేం సమాయిల్ దారిలో వంతెన కడుతున్నాం. టీ వేళల్లో ఇంజినీరు వాళ్లింటి వైన్ సంగతులు చెప్పేవాడు. ద్రాక్షతోటలు వాళ్లవే, వైన్ చేసేదీ ఇంటివాళ్లే. అమ్మది పెత్తనం, అక్కది పీపాల గది, బావది ట్రాక్టరు. కోత రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినా కోత అయ్యాకే పడుకోవాలట. ఇంజినీరు వంతుకు వచ్చేది వాలు మీద తాతగారు నాటిన చిన్న ముక్క ఒక్కటే. అంతా సున్నపురాయి, కాపు తక్కువ. దాన్ని పీకేసి కొత్త మొక్కలు వేద్దామని ఆయన అక్క పట్టు. అది పోతే ఎప్పటికైనా ఇంటికి వెళ్లి చేసుకోవడానికి ఆయనకు ఏమీ మిగలదు.

తల్లి తగవు తీర్చడానికి ఒక పద్ధతి పెట్టింది. ఇంట్లో ఎవరు రుచి చూసినా వైన్‌తోపాటు పాత తగాదా కూడా నోట్లోకి వస్తోందట. అందుకని ఏ తగాదా లేని నాలుకలు కావాలంది. కొడుకు లీవు ముగించుకొని వస్తుంటే, ఇద్దరి సామాన్లలో సర్ది మూడు తోటల వైన్లు మూడు సీసాలు తెచ్చింది. ఏది ఏ తోటదో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. తాతగారి తోటది మొదట నిలిస్తే తోట ఉంటుంది. లేదంటే ఈ చలికాలమే వేళ్లతో సహా పీకేస్తారు.

మా భీమవరం అక్క ముందే షరతు పెట్టింది. “మాది మందు ముట్టని సంఘం తమ్ముడూ. చర్చిలో ఇచ్చేది ఉత్త ద్రాక్షరసం. నేను నోట్లో పోసుకుంటాను గానీ మింగను, ఉమ్మేస్తాను.” రుచి చూడటంలో ఆరితేరినవాళ్లు చేసేదీ అదేనని పెద్దావిడ ఆనందపడి బకెట్టు తెప్పించింది. మేస్త్రీకి అది నచ్చలేదు. తాగేదాన్ని ఉమ్మడం ఏం పద్ధతని గొణిగాడు. తన గ్లాసు అందగానే వరండా అంచుకు వెళ్లి కొంచెం మట్టిలో వంపాడు.

పెద్దావిడ ముఖం వాడిపోయింది. నోట పెట్టకుండానే పారబోశాడనుకుంది. ఇంజినీరు నావైపు చూశాడు. దాన్ని సాక అంటారని, మేస్త్రీ వాళ్ల వైపు కల్లు ముంత చేతికి రాగానే ముందు అమ్మవారికి నేల మీద వంపి తర్వాత తాగుతారని నేను వివరించాను. కొడుకు ఫ్రెంచిలోకి మార్చి చెప్పాడు. ఆవిడ లేచి వెళ్లి, అదే చోట తన గ్లాసులోంచి కూడా కొంచెం వంపింది. ఎవరి కోసమో చెప్పలేదు.

ఇక రుచులు. మొదటి సీసా: కిస్‌మిస్‌లు నానబెట్టిన నీళ్లు, చివర్లో కొంచెం లవంగం. మేస్త్రీ లెక్కలో అది పొద్దున దింపిన కల్లు, పిల్లలకు కూడా పట్టొచ్చు. రెండోది: నేరేడుపళ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుందే, అది. వెనకాల కొత్త బల్ల సొరుగు లాగినప్పటి వాసన. మూడోది పులుపు. చింతచిగురు అంది అక్క, బకెట్టులో ఉమ్మి. నాకు మాత్రం మా ల్యాబులో కాంక్రీటు దిమ్మెలు నానబెట్టే తొట్టి మూత తీసినట్టనిపించింది. ఇది తిట్టు కాదు. ఆ వాసన నాకిష్టం.

తర్వాత పదికి మార్కులు వేయమన్నారు. ముగ్గురం మూడింటికీ పదేసి వేశాం. ఇంజినీరు తల పట్టుకున్నాడు. నిజం చెప్పమని బతిమాలాడు. పెద్దావిడ అంత దూరం నుంచి మోసుకొస్తే తొమ్మిది ఎలా వేస్తామంది అక్క. పైగా మేస్త్రీ రెండోదానికి పది కాదు, పదకొండు అన్నాడు. అది తాగుతున్నప్పుడు పెద్దావిడ తనవంకే చూస్తోందట. ఆ లెక్కన రెండోది గెలిచింది. తాతగారి తోటది అదే అయితే సరే, కాకపోతే ఇంజినీరు తోట మేస్త్రీ మర్యాదకు బలి.

ఆవిడ పేపర్లు విప్పలేదు. ముందు భోజనాలు చేద్దామంది. సీసాలు బల్ల మధ్యలో పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లు పోసుకోండి అని తను చేతులు కట్టుకుని కూర్చుంది.

పులుసు కారం గురించి చెప్పాలి. భీమవరం కారం. నాలుగు ముద్దలకే ఇంజినీరు చెవులు ఎర్రబడ్డాయి. మేస్త్రీ చెయ్యి ముద్ద ముద్దకీ మూడో సీసా మీదికే వెళ్తోంది. ఆయన దింపితే నేను, నేను దింపితే ఇంజినీరు. కాసేపటికి అక్క కూడా గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు పోసుకుంది, గుటకేసింది.

మేస్త్రీ ముద్ద ఆపి చూశాడు. “చెల్లె, బకెట్ గీడున్నది.”

“పులుసు కారంగా ఉందన్నా. మంచినీళ్లు దూరంగా ఉన్నాయి.”

“జగ్గు నీ ముంగటనే ఉన్నదిగద.”

అక్క జగ్గు వంక చూసింది. “అన్నా, మీరు అన్నం తినండి,” అని ఇంకో రెండు వేళ్ల ఎత్తు పోసుకుంది.

భోజనాలయ్యాక పెద్దావిడ మూడో సీసా పేపరు విప్పింది. దానికి అచ్చువేసిన లేబుల్ లేదు. చేత్తో తాతగారి తోట పేరు రాసిన కాగితం అతికించి ఉంది. ఇంజినీరు నిలబడి ఉన్నవాడు కూర్చున్నాడు. మార్కుల్లో ఓడిపోయాం కదా అన్నాడు. మార్కులు అడిగింది నువ్వు, నేను కాదు అందట తల్లి. వంటింట్లోంచి గీతల కొలతలున్న జగ్గు తెప్పించి, ల్యాబు అబ్బాయినని నన్ను, ఏ సీసాలో ఎంత మిగిలిందో కొలవమంది.

మేస్త్రీ, తను నేలకు వంపింది ఎట్లా లెక్కవేస్తావని నన్ను నిలదీశాడు. అది మొదటి సీసాలోదే, అమ్మవారు తాగినదాన్ని కూడా తాగినట్టే వేశాను.

మొదటి సీసాలో మిగిలింది నాలుగు వందల పది మిల్లీలీటర్లు. రెండోదానిలో మూడు వందల తొంభై. మూడోదానిలో సున్నా.